సోనార్ ఇంజనీరు కావాలంటే ముందు డెసిబెల్ లెక్క రావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ కెరీర్ పేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివినవారికి ఉన్న దారుల గురించి రాస్తూ సోనార్ సిగ్నల్ ప్రాసెసింగ్‌కి, అంటే నీటిలో ధ్వనితో వస్తువులను కనిపెట్టే పనికి, కూడా చోటిచ్చారు, సంతోషం. ఆ పేరైనా వినకుండా డిగ్రీ పూర్తిచేసేవాళ్ళే ఎక్కువ. అయితే ‘పైథాన్, మెషీన్ లెర్నింగ్ వస్తే చాలు, మిగతాది ఉద్యోగంలో నేర్పుతారు’ అన్న మాట చదివాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. రాస్తున్నది ఈ పనిలో ఉన్నవాళ్ళమే. కోడ్ రానివాణ్ణి ఎవరూ తీసుకోరు, ఒప్పుకుంటాం. కానీ తెర మీద కనబడిన మచ్చ ఓడా, చేపల గుంపా, తడిసిన కనెక్టరా అన్నది చెప్పగలిగినందుకే ఇక్కడ జీతం. ఆ తీర్పు ఏ లైబ్రరీ ఫంక్షన్లోనూ ఉండదు.

నీటిలో ధ్వనితోనే ఎందుకు పని అన్నది ముందు తెలియాలి. ఉప్పునీరు విద్యుత్ వాహకం. 10 కిలోహెర్ట్జ్ రేడియో తరంగమైనా సముద్రంలో రెండున్నర మీటర్లు దిగేసరికి దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. ఇక వెలుతురు ఎంత తేటనీటిలోనైనా ఒకటి రెండు వందల మీటర్లు దాటితే చూపుకి పనికిరాదు. ధ్వని మాత్రం వేల కిలోమీటర్లు పోగలదు. 2017 నవంబరు 15న అర్జెంటీనా జలాంతర్గామి సాన్ హువాన్ మాయమైన రోజు వచ్చిన శబ్దాన్ని, అణుపరీక్షల నిషేధ ఒప్పందం కింద నెలకొల్పిన హైడ్రోఫోన్ (నీటి అడుగు మైక్రోఫోన్) కేంద్రాలు అసెన్షన్ దీవి, క్రోజే దీవుల దగ్గర నుంచి పట్టుకున్నాయి. శిథిలాలు మరుసటి ఏడాది నవంబరులో 900 మీటర్ల పైచిలుకు లోతున దొరికాయి.

ఇంత దూరం పోయే ధ్వనికి నడక మాత్రం నెమ్మది, సెకనుకు సుమారు 1500 మీటర్లు. 10 కిలోమీటర్ల అవతలి వస్తువుకు తగిలి ప్రతిధ్వని తిరిగి రావడానికి 13 సెకన్లకు పైగా పడుతుంది. అదే దూరానికి రాడార్‌కు 67 మైక్రోసెకన్లు చాలు. రాడార్ పుస్తకంలోని పద్ధతిని సోనార్‌లోకి యథాతథంగా దింపితే బెడిసికొట్టేది ఇక్కడే. రాడార్ వేల పల్సులు పంపి సగటు తీసే సమయంలో మనం ఒక్క పింగ్ (ధ్వని పల్సు) పంపి, అది తిరిగొచ్చేలోపు మన ఓడా, అవతలి ఓడా, మధ్యలోని నీరూ కదలకుండా ఉంటాయా అని చూసుకోవాలి.

ఆ వేగమైనా ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు. నీరు ఒక డిగ్రీ వేడెక్కితే సెకనుకు 3 నుంచి 4 మీటర్లు పెరుగుతుంది, 100 మీటర్ల లోతుకు 1.7 మీటర్ల చొప్పున పెరుగుతుంది. ధ్వని ఎప్పుడూ వేగం తక్కువున్న వైపుకే వంగుతుంది. గాలి లేని ఎండరోజు మధ్యాహ్నానికి పైపొర వేడెక్కుతుంది. పొద్దున బాగా వినిపించిన సోనార్‌కు మధ్యాహ్నం కొద్ది కిలోమీటర్ల అవతల ఏమీ అందదు, ఎందుకంటే కిరణాలన్నీ కిందికి వంగిపోయి ఉంటాయి. దీనికి ఆఫ్టర్‌నూన్ ఎఫెక్ట్ అని పేరే ఉంది. కొత్తగా చేరినవాళ్ళు ఆ పూట యాంప్లిఫయర్ విప్పుతారు. పాతవాళ్ళు ఉష్ణోగ్రత ప్రొఫైల్ తీయిస్తారు.

ఇక అసలు లెక్క. డెసిబెల్ అంటే రెట్లను కూడికలుగా మార్చే కొలత: శక్తి పది రెట్లైతే 10 డెసిబెల్, రెట్టింపైతే 3. సోనార్ సమీకరణం ఇంటి పద్దులాంటిది: వచ్చిందెంత, పోయిందెంత, మిగిలిందెంత. ఒక మీటరు దగ్గర ఓడ చేసే శబ్దం, మనకు కావలసిన బ్యాండ్‌లో (ఫ్రీక్వెన్సీల పరిధిలో), 130 డెసిబెల్ అనుకుందాం. ఆధారం, అంటే సున్నా డెసిబెల్‌గా పెట్టుకున్న ఒత్తిడి, ఒక మైక్రోపాస్కల్. 10 కిలోమీటర్ల దూరంలో వింటున్నాం. ధ్వని గోళంలా పరుచుకుంటూ వచ్చిందంటే నష్టం 80 డెసిబెల్, మనకు అందేది 50. అదే బ్యాండ్‌లో సముద్రపు రొద 60. అంటే ఒక్క హైడ్రోఫోన్ దగ్గర సిగ్నల్ రొదకంటే 10 కింద ఉంది. 32 హైడ్రోఫోన్ల వరుస పెడితే, రొద ఒక్కో హైడ్రోఫోన్‌కు వేరువేరుగా వస్తోందనుకుంటే, 15 డెసిబెల్ లాభం. ఇప్పుడు సిగ్నల్ 5 పైన ఉంది. సిగ్నల్ ఉందో లేదో తేల్చే డిటెక్టరుకు 8 కావాలి. ఆ 3 ఎక్కడినుంచి తేవాలి?

హైడ్రోఫోన్లు రెట్టింపు చేస్తే 3 వస్తుంది, దానితోపాటే కేబుల్, ఛానెళ్ళు, బరువు రెట్టింపవుతాయి. ఎక్కువసేపు వినొచ్చు. కానీ శక్తిని కూడబెట్టి సగటు తీసే డిటెక్టరులో సమయం రెట్టింపు చేస్తే దక్కేది ఒకటిన్నర డెసిబెల్ మాత్రమే. కాబట్టి 3 కోసం నాలుగు రెట్ల సేపు వినాలి, ఆలోపు ఓడ బీమ్ (మనం చెవిపెట్టిన దిక్కు) దాటిపోవచ్చు. దూరాన్ని 7 కిలోమీటర్లకు కుదిస్తే 3 ఇట్టే వచ్చేస్తుంది, కాకపోతే ఆ మాట కొనుక్కునేవారి ముందు పైకి అనగల ధైర్యం ఉండాలి. సీనియర్ ఇంజనీరు చేసే పనిలో సగం ఇలాంటి బేరాలే. ఈ పద్దు చేతిరాతతో, కాలిక్యులేటర్ లేకుండా వేయగలవాణ్ణి ఇంటర్వ్యూలో వదులుకోవడం కష్టం.

శోషణ, అంటే దారిలో నీరే ధ్వనిని మింగేయడం, వేరే ఖాతా. 1 కిలోహెర్ట్జ్ దగ్గర కిలోమీటరుకు 0.06 డెసిబెల్, పట్టించుకోనక్కర్లేదు. 10 దగ్గర ఒక డెసిబెల్. 100 దగ్గర 30 పైచిలుకు. అందుకే సముద్రగర్భం అడుగు పొరల్లోకి చూసే యంత్రం 3.5 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల పనిచేస్తుంది, చేపల లెక్కకు 38, 120, 200 వాడతారు, నేల బొమ్మ తీసే సైడ్‌స్కాన్ వందల కిలోహెర్ట్జ్‌కు పోతుంది. విమానం బ్లాక్‌బాక్సుకి కట్టే పింగర్ 37.5 కిలోహెర్ట్జ్‌లో కూస్తుంది. అది నాలుగు కిలోమీటర్ల లోతున పడితే పైనున్న ఓడకు వినబడదు, వినే పరికరాన్నే తాడుకట్టి లోతుకు దింపి లాక్కెళ్ళాలి. 2014లో మాయమైన మలేసియా విమానం ఎంహెచ్370 కోసం వెతికినప్పుడు చేసింది అదే.

లెక్క తప్పేది ఎక్కువగా నీటిలో కాదు, నీటికీ కంప్యూటర్‌కీ మధ్య. సిగ్నల్ ప్రాసెసింగ్ నేర్చుకునేవాళ్ళు హైడ్రోఫోన్‌ను హార్డ్‌వేర్‌వాళ్ళ సంగతి అని వదిలేస్తారు. పీజో సిరామిక్ (ఒత్తిడిని వోల్టేజిగా మార్చే పదార్థం) హైడ్రోఫోన్ అంటే విద్యుత్‌పరంగా ఒక కెపాసిటర్. సున్నితత్వం ఒక మైక్రోపాస్కల్‌కు మైనస్ 200 డెసిబెల్ వోల్ట్ అయితే, 100 డెసిబెల్ ధ్వనికి వచ్చేది 10 మైక్రోవోల్టులు. దాని కెపాసిటెన్స్ 10 నానోఫారడ్ అనుకోండి. సిగ్నల్‌ను మొదట పెంచే ప్రీయాంప్లిఫయర్‌ను పక్కనే పెట్టకుండా 100 మీటర్ల కేబుల్ చివర పెడితే, మీటరుకు 100 పికోఫారడ్ చొప్పున కేబులే ఇంకో 10 నానోఫారడ్ అవుతుంది. వోల్టేజి సగమై, 6 డెసిబెల్ ఊరికే పోతుంది. పైన 3 కోసం అంత బేరమాడాం కదా, ఇక్కడ 6 ఎవరూ చూడకుండానే పోయింది.

నీరు దూరడం ఇంకా మాయదారి జబ్బు. ఇన్‌పుట్ నిరోధం 10 మెగాఓమ్ ఉంటే ఆ హైడ్రోఫోన్ 1.6 హెర్ట్జ్ దాకా కిందికి వింటుంది. కనెక్టర్‌లో చెమ్మ చేరి ఇన్సులేషన్ 100 కిలోఓమ్‌కు పడిపోతే కింది హద్దు 160 హెర్ట్జ్‌కు ఎక్కుతుంది. ఛానెల్ చావదు. పై ఫ్రీక్వెన్సీలన్నీ చక్కగా వస్తూనే ఉంటాయి, ప్రొపెల్లర్ గీతలు ఉండే కింది భాగం మాత్రం మాయమవుతుంది. అందుకే దింపేముందు, దింపాక, తీశాక మూడుసార్లూ ఇన్సులేషన్ కొలిచి రాసిపెట్టాలి. హైడ్రోఫోన్ విప్పి దాని స్థానంలో అదే విలువ కెపాసిటర్ పెట్టి రికార్డు చేస్తే ఎలక్ట్రానిక్స్ సొంత రొద ఎంతో తేలుతుంది. ఆ గీత సముద్రపు రొదకంటే కనీసం 10 డెసిబెల్ కింద లేకపోతే ఎంత తెలివైన ఆల్గరిథమ్ రాసినా సొంత యాంప్లిఫయర్‌నే వింటున్నట్టు.

కరెంటు హమ్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 50 లేదా 60 హెర్ట్జ్, వాటి గుణిజాలు అన్ని ఛానెళ్ళలోకీ ఒకే ఫేజ్‌లో దూరతాయి. వరుసకు సరిగ్గా లంబంగా వచ్చే ధ్వని కూడా అన్ని హైడ్రోఫోన్లకూ ఒకే ఫేజ్‌లో తగులుతుంది. హైడ్రోఫోన్ల సిగ్నళ్ళను కలిపి ధ్వని ఏ దిక్కు నుంచో తేల్చే బీమ్‌ఫార్మర్‌కు ఆ రెంటికీ తేడా తెలియదు. ఫలితంగా 90 డిగ్రీల దిక్కున పక్కనే ఒక ఓడ నిలకడగా వెంబడిస్తున్నట్టు కనబడుతుంది. మన ఓడ మలుపు తిరిగినా అది 90లోనే ఉంటే అనుమానించాలి. బ్యాటరీ మీదికి మార్చి చూస్తే తేలిపోతుంది. గ్రౌండ్ ఎక్కడెక్కడ కలిసిందో వెతకడానికి మాత్రం పూటలు పడుతుంది.

బీమ్‌ఫార్మింగ్ పుస్తకంలో తేలిగ్గా ఉంటుంది. 32 హైడ్రోఫోన్లు అర మీటరు ఎడంతో పెడితే 1500 హెర్ట్జ్ వరకే అది శుభ్రంగా పనిచేస్తుంది. అక్కడ బీమ్ వెడల్పు సుమారు 3.2 డిగ్రీలు. అంతకు పైన బీమ్‌ను పక్కకు తిప్పితే గ్రేటింగ్ లోబ్‌లు (నకిలీ బీమ్‌లు) వచ్చి లేని దిక్కున ఓడను చూపిస్తాయి. పక్క లోబ్‌లు (వేరే దిక్కుల నుంచి లోపలికి దూరేది) తగ్గించడానికి చివరి హైడ్రోఫోన్లకు తక్కువ విలువిచ్చే హామింగ్ బరువులు వేస్తే కాగితం మీద అవి మైనస్ 42 డెసిబెల్ దగ్గర ఉంటాయి. ఇప్పుడు వరుస మధ్యలో ఒక్క హైడ్రోఫోన్‌కు రెండు తీగలూ తారుమారుగా సోల్డర్ చేశారనుకోండి. ప్రధాన లోబ్‌లో పోయేది ఒక డెసిబెల్, ఎవరికీ అనుమానం రాదు. పక్క లోబ్‌లు మాత్రం మైనస్ 20 దాటి పైకి లేస్తాయి. దూరాన పోతున్న పెద్ద ఓడ అన్ని దిక్కుల్లోనూ కనబడడం మొదలవుతుంది. ప్రతి ఛానెల్‌కూ ఒక తెలిసిన పల్సు వినిపించి ధ్రువత సరిచూడడం పది నిమిషాల పని, కానీ ట్రయల్ ముందు రాత్రి మొదట ఎగిరిపోయేది ఆ పది నిమిషాలే.

అన్ని ఛానెళ్ళూ ఒకే క్షణాన శాంపిల్ కావాలి. 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌లో ఒక ఛానెల్ ఒక్క శాంపిల్ వెనకబడితే 6 కిలోహెర్ట్జ్ దగ్గర 45 డిగ్రీల ఫేజ్ తప్పు. తక్కువ ఫ్రీక్వెన్సీలో పరీక్షించి ‘బాగుంది’ అని సంతకం పెట్టినవారికి ఇది పట్టుబడదు. సముద్రం అడుగున నెలలకొద్దీ వదిలేసే రికార్డర్లకు గడియారమే గండం. మిలియన్‌కు 20 వంతుల తేడా ఉన్న మామూలు క్రిస్టల్ రోజుకు 1.7 సెకన్లు జరుగుతుంది, ఒక్క సెకను తప్పంటే ఒకటిన్నర కిలోమీటరు తప్పు. దింపేముందూ తీశాకా జీపీఎస్ సమయంతో పోల్చి తేడాను రాయకపోతే ఆ డేటా బొమ్మలకే పనికొస్తుంది, స్థానం కట్టడానికి కాదు. ఆ డేటా ఎంతుంటుందో కూడా ముందే లెక్కేసుకోవాలి. 32 ఛానెళ్ళు, 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ అయితే గంటకు 16.6 గిగాబైట్లు.

అడాప్టివ్ బీమ్‌ఫార్మింగ్ (వచ్చే రొదను బట్టి తనను తాను మార్చుకునేది) అంటే విద్యార్థులకు మోజు ఎక్కువ. కేపన్ 1969లో ప్రచురించిన పద్ధతి సిమ్యులేషన్లో అద్భుతంగా కనిపిస్తుంది. సముద్రంలో ఒక చిక్కుంది. కోవేరియన్స్ మాత్రికను (హైడ్రోఫోన్ల మధ్య పోలికల పట్టిక) అంచనా వేయడానికి హైడ్రోఫోన్ల సంఖ్యకు కనీసం రెట్టింపు స్నాప్‌షాట్లు (ఒక్కోసారి తీసిన డేటా ముక్కలు) ఉంటేనే నష్టం 3 డెసిబెల్ లోపు ఉంటుందని రీడ్, మాలెట్, బ్రెన్నన్ 1974లో చూపారు. 32కు 64 కావాలి. స్నాప్‌షాట్ ఒక సెకను అయితే నిమిషం దాటింది, దగ్గరి ఓడ ఆపాటికి దిక్కు మారి ఉంటుంది. దానికితోడు ఈడ్చుకుపోయే వరుస కొంచెం వంగితే చాలు, ఆల్గరిథమ్ మనకు కావలసిన సిగ్నల్‌నే శత్రువనుకుని నొక్కేస్తుంది. మాత్రిక వికర్ణానికి కొంత కలిపి దాని దూకుడు తగ్గిస్తాం. ఎంత కలపాలన్నది అనుభవమే నేర్పాలి.

తానే పింగ్ పంపే యాక్టివ్ సోనార్‌లో చిర్ప్ (ఫ్రీక్వెన్సీ జారుతూ పోయే) పల్సు ఒక సెకను పొడవు, ఒక కిలోహెర్ట్జ్ వెడల్పు ఉంటే పంపిన పల్సుతో పోల్చి వెతికే మ్యాచ్డ్ ఫిల్టర్ 30 డెసిబెల్ లాభం ఇస్తుంది, దూరంలో 75 సెంటీమీటర్ల స్పష్టత వస్తుంది. కాకపోతే పంపుతున్నంతసేపూ వినలేం కాబట్టి ఒకే ట్రాన్స్‌డ్యూసర్ అయితే దగ్గరి 750 మీటర్లూ గుడ్డి. డిటెక్టరు గురించి ఒక్క లెక్క చాలు. 100 బీమ్‌లు, బీమ్‌కు 1000 దూరపు గళ్ళు అంటే పింగ్‌కు లక్ష గళ్ళు. తప్పుడు హెచ్చరిక అవకాశం పదివేలలో ఒకటి అంటే వినడానికి బాగుంటుంది, కానీ పింగ్‌కు పది తప్పుడు లక్ష్యాలు. 20 సెకన్లకో పింగ్ అయితే గంటకు 1800. తెర ముందు కూర్చునే ఆపరేటర్ మొదటి గంటలోనే నమ్మకం వదిలేస్తాడు. పైగా ఆ పదివేలలో ఒకటి అన్నది గౌసియన్ (గంట ఆకారపు పంపిణీ) రొదకు. అడుగునుంచి వచ్చే రివర్బరేషన్‌కూ (మన పింగే చెదిరి తిరిగొచ్చేది), వెచ్చని లోతులేని నీళ్ళలో చిటపటలాడే స్నాపింగ్ రొయ్యల శబ్దానికీ తోక పొడవు, అంటే పెద్ద విలువలు తరచుగా వస్తాయి, నిజంలో సంఖ్య అంతకంటే ఎక్కువే ఉంటుంది.

ఇక మీ వ్యాసం పెద్దపీట వేసిన మెషీన్ లెర్నింగ్. ఓడ శబ్దాన్ని బట్టి ఓడ రకం చెప్పే నెట్‌వర్క్ 98 శాతం కచ్చితం అని ఎవరైనా చూపిస్తే మొదట అడగాల్సింది, శిక్షణకూ పరీక్షకూ డేటాను ఎలా విడగొట్టారని. ఒకే రికార్డింగ్‌ను పది సెకన్ల ముక్కలు చేసి, వాటిని కలగలిపి పంచితే నెట్‌వర్క్ ఓడను నేర్చుకోదు. ఆ రోజు గాలిని, ఆ హైడ్రోఫోన్ హమ్‌ను, ఆ పూట నీటి పొరలను నేర్చుకుంటుంది. ఓడల వారీగా, రోజుల వారీగా, చోటు వారీగా విడగొట్టాలి. అప్పుడు శాతం పడిపోతుంది, మనసూ పడిపోతుంది, కానీ ఆ అంకె నమ్మదగింది. దీనికి పక్కనే పాత పద్ధతి పెట్టి చూడాలి. నిమిషానికి 120 సార్లు తిరిగే ఐదు రెక్కల ప్రొపెల్లర్ శబ్దంలో 2 హెర్ట్జ్ దగ్గరా 10 హెర్ట్జ్ దగ్గరా ఊగిసలాట ఉంటుంది. ఎన్వలప్ (శబ్దం ఎత్తుపల్లాల గీత) తీసి స్పెక్ట్రం చూస్తే ఆ గీతలు దొరుకుతాయి, రెక్కలెన్నో చెప్పొచ్చు. నెట్‌వర్క్ అంతకంటే ఏం ఎక్కువ చెప్పిందో అడిగే హక్కు అందరికీ ఉంది.

ఈ దారిలోకి రావాలనుకునేవారు ఏం చదవాలి అంటే: సంభావ్యత, యాదృచ్ఛిక ప్రక్రియలు, లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా. డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ ఎటూ ఉంటుంది. తరంగాల భౌతికశాస్త్రం ఒక కోర్సైనా, ఎలక్ట్రికల్ వాళ్ళు తప్పించుకుతిరిగేది దీన్నే. సీ, పైథాన్. పై చదువు, అంటే మాస్టర్స్, చాలా ఉద్యోగాలకు అడుగుతారు. సముద్రం దగ్గర లేకపోయినా అభ్యాసం ఆగదు. 16 హైడ్రోఫోన్ల వరుసను కంప్యూటర్లో కట్టి, రెండు శబ్దాలు రెండు దిక్కుల నుంచి పంపి, బీమ్ తీయండి. తర్వాత ఒక ఛానెల్ తిరగేయండి, ఒకటి చంపండి, ఒకదానికి శాంపిల్ ఆలస్యం పెట్టండి, ప్రతి జబ్బుకూ తెర ఎలా మారిందో బొమ్మలు దాచుకోండి. ఉద్యోగంలో మొదటి ఏడాదంతా పనికొచ్చేది ఆ ఆల్బమే.

కాలేజీలో నీటితొట్టి ఉంటే దాని హద్దులూ తెలుసుకోవాలి. రెండు పక్క గోడలకూ ఒకటిన్నర మీటర్ల దూరంలో, ఒకదానికొకటి మీటరు ఎడంగా ట్రాన్స్‌మిటర్, హైడ్రోఫోన్ పెడితే, నేరుగా వచ్చిన శబ్దం తర్వాత 1.4 మిల్లీసెకన్లకే గోడ ప్రతిధ్వని వచ్చేస్తుంది. 10 కిలోహెర్ట్జ్‌లో ఆలోపు 14 ఆవృత్తులు దొరుకుతాయి, కొలత నడుస్తుంది. 1 కిలోహెర్ట్జ్‌లో ఒకటిన్నర కూడా దొరకదు. చిన్న తొట్టిలో తక్కువ ఫ్రీక్వెన్సీ క్యాలిబ్రేషన్ చేశామని రాసే ప్రాజెక్టు రిపోర్టులు గోడలను కొలిచినవే.

పని నౌకాదళానికే అనుకోవడం పొరపాటు. సముద్రపు నేల పటాలు, చేపల అంచనా, స్వయంచాలిత జలవాహనాల దారి చూపే డాప్లర్ లాగ్‌లు (వేగం కొలిచేవి), నీటి అడుగు మోడెమ్‌లు, తిమింగలాల లెక్క, అన్నింటికీ ఇదే గణితం. రక్షణ రంగంలో చేరేవారికి ఒక మాట ముందే తెలియాలి: పదేళ్ళ పని గురించి బయట పది వాక్యాలు కూడా చెప్పలేకపోవచ్చు. రంగం మారాలనుకున్న రోజు చూపించడానికి బహిరంగ డేటా మీద చేసిన పని కొంతైనా చేతిలో ఉంచుకోవడం మంచిది. ఇంకొకటి, ట్రయల్స్ అంటే వారాల తరబడి ఓడ మీద. సముద్రం పడనివారు డేటా విశ్లేషణలోనే ఉండిపోవచ్చు, కానీ ఆ డేటా ఎలా చెడుతుందో వారికి తెలియడం ఆలస్యమవుతుంది.

చివరిగా, వ్యాసంలో ఒక సవరణ కోరుతున్నాం. ‘సోనార్ ధ్వని 200 డెసిబెల్, జెట్ విమానం 140, అంటే సోనార్ పది లక్షల రెట్లు శక్తిమంతం’ అని వచ్చింది. నీటిలో ఆధారం ఒక మైక్రోపాస్కల్, గాలిలో 20 మైక్రోపాస్కల్. ఆ ఒక్క తేడాకే 26 డెసిబెల్ తీసేయాలి. నీటి సాంద్రతా, అందులో ధ్వని వేగమూ గాలికంటే ఎక్కువ కాబట్టి అదే తీవ్రతకు ఇంకో 36 తీసేయాలి. 200లోంచి 62 పోతే 138. అంటే రెండూ దాదాపు ఒక్కటే. నీటిలో ధ్వని హానిచేయదని దీని అర్థం కాదు. 2000 మార్చిలో బహామాస్‌లో నౌకాదళ సోనార్ విన్యాసాల సమయంలో ముక్కు తిమింగలాలు (బీక్డ్ వేల్స్) ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, వాటి చెవులు వినే ఫ్రీక్వెన్సీలూ, అవి లోతునుంచి పైకొచ్చే తీరూ మనవి కావు. కానీ అంకె అంకెలాగే ఉండాలి. వచ్చే వారం కెరీర్ పేజీలో ఆ 62ను తీసేసి అచ్చువేయగలరు.

ఇట్లు,
సోనార్ సిగ్నల్ ప్రాసెసింగ్‌లో పనిచేస్తున్న కొందరు ఇంజనీర్లు